గొట్టం గరుకా? గుండు సన్నమా?

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. ఇది రాస్తున్న నా దగ్గర పిస్టల్ లేదు. చదువుతున్న మీ దగ్గరా ఉండదనే నా నమ్మకం. లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకోవడం, తూటాలు తయారుచెయ్యడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. కాబట్టి ఇది చదివి హాస్టల్ రూమ్‌లో ఎవరూ సీసం కరిగించొద్దు. మన వార్డెన్ గారు మ్యాగీ కోసం పెట్టుకున్న కెటిల్‌నే ఓర్చుకోలేకపోతున్నారు.

మరి లిటరరీ క్లబ్ పత్రికలో ఈ తుపాకీ గోలేంటి అంటారా? నిజానికి నన్ను పట్టుకున్నది తుపాకీ కాదు, దాని గురించి అడిగే ఒక ప్రశ్న. అమెరికాలో పిస్టల్, రివాల్వర్ కాల్చడం హాబీగా పెట్టుకున్నవాళ్లలో కొందరు గుండ్లు కొనరు. పాత సీసం సేకరించి, కరిగించి, అచ్చుల్లో పోసి సొంతంగా తయారుచేసుకుంటారు. అలాంటివాళ్లు కొత్త పిస్టల్ కొన్నప్పుడు తరచూ అడిగే ప్రశ్న ఇది: "బ్యారెల్ లోపల గరుకుగా ఉంది. నాలుగు రౌండ్లు కాల్చేసరికి లోపలంతా సీసం అతుక్కుపోతోంది. దీన్ని అరగదీసి మచ్చిక చేసుకోవడం ఎలా?"

జవాబులకి కొదవ లేదు. కొన్ని వందల రాగితొడుగు తూటాలు కాల్చు, అదే నున్నబడుతుంది అంటారు ఒకరు. గరుకుపొడి పేస్టు పెట్టి రుద్దు అంటారు ఇంకొకరు. ఆ పేస్టు గుండుకే పూసి కాల్చెయ్ అంటారు మూడోవారు. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి అన్నట్టు ఉంటుంది వరస.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ ప్రశ్నే చాలాసార్లు తప్పు. గొట్టం గరుకుగా ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. గుండు ఆ గొట్టానికి సరిపోయిందా అన్నది మొదటిది. మొదటిది అడగకుండా రెండోదానికి ఇసుక కాగితం పట్టుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండుతుందో చివర్లో చెప్తాను. అందులో నా తప్పు కూడా ఉంది.

కొత్త చెప్పులు కరవడం మనందరికీ తెలుసు. కాస్త కొబ్బరినూనె రాసి, నాలుగు రోజులు ఓర్చుకుంటే తోలు మెత్తబడి దారికొస్తుంది. కానీ 8 నంబర్ కాలికి 7 నంబర్ చెప్పు కొనుక్కుని ఎంత నూనె రాసినా ఏం లాభం? కరుస్తున్నది రెండు చోట్లా కరుస్తున్నట్టే ఉంటుంది. నొప్పీ ఒకలాగే ఉంటుంది. కారణం మాత్రం వేరు. బ్యారెల్‌లో సీసం అంటుకోవడమూ ఇలాంటిదే.

కాస్త వర్క్‌షాప్‌లోకి వెళ్దాం. సీఎస్ఈ వాళ్లు ఇక్కడే పారిపోకండి, మీ డీబగ్గింగ్‌కి పనికొచ్చే సంగతే.

బ్యారెల్ అంటే ముందు ఒక ఉక్కు కడ్డీ. దానికి ఈ చివర నుంచి ఆ చివరకి లోతైన రంధ్రం డ్రిల్ చేస్తారు. తర్వాత రీమర్‌తో సైజుకి తెస్తారు. ఆ తర్వాత లోపల మెలిక తిరిగిన గాడులు వేస్తారు. ఇదే రైఫ్లింగ్. గుండు ఆ గాడుల్లో పట్టుబడి తిరుగుతూ బయటికొస్తుంది కాబట్టే గాల్లో పల్టీలు కొట్టకుండా తిన్నగా వెళ్తుంది. గాడులు వెయ్యడానికి బ్రోచ్ లాగొచ్చు, గట్టి బటన్ దూర్చి నొక్కొచ్చు, లేదా మాండ్రెల్ మీద పెట్టి బయట నుంచి సుత్తులతో బాది లోపలి ఆకారం రప్పించొచ్చు. గాడికీ గాడికీ మధ్య మిగిలే మిట్టల మీద రీమర్ వదిలిన గీతలు చాలాసార్లు అలాగే ఉండిపోతాయి. చిక్కంతా ఆ గీతల దిశతోనే. రీమర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి గీతలు అడ్డంగా పడతాయి. గుండు నిలువుగా దూసుకెళ్తుంది. అంటే తురుముపీట మీద కొబ్బరిచిప్ప లాగినట్టన్నమాట. కోరు రాక ఏమవుతుంది?

ఇక సీసం ఎంత మెత్తనో చూడండి. శుద్ధ సీసానికి బ్రినెల్ కాఠిన్యం 5 దాకా ఉంటుంది. 327 డిగ్రీలకే కరిగిపోతుంది. పాత కారు చక్రాల బ్యాలెన్సింగ్ బరువుల్లో కొంచెం యాంటిమనీ కలిసి ఉంటుంది కాబట్టి 12 దాకా వస్తుంది. ప్రింటింగ్ ప్రెస్సుల్లో వాడిన లైనోటైప్ లోహమైతే 22 దాకా పోతుంది. గుండు వేగం పెరిగేకొద్దీ వట్టి సీసం తట్టుకోలేదు. అందుకే దానికి రాగి తొడుగు వేశారు. 1882లో స్విట్జర్లాండ్‌లో ఎడ్వర్డ్ రూబిన్ చేసిన పని అది. పిస్టల్ వేగాలు రైఫిల్ కంటే చాలా తక్కువ కాబట్టి అక్కడ వట్టి సీసం ఈరోజుకీ బాగానే నడుస్తోంది. చవక, కాల్చిన సీసాన్ని ఏరుకుని మళ్లీ పోసుకోవచ్చు, పైగా సొంతంగా చేసుకున్నామన్న తృప్తి.

గరుకుతనం ఉండొచ్చు, అది సీసాన్ని కోరొచ్చు. ఇంతవరకూ నాకు పేచీ లేదు. కానీ సీసం అంటుకోడానికి ఇంకో దారి ఉంది. గుండు గొట్టం కంటే సన్నగా ఉంటే, వెనక నుంచి తోస్తున్న మంట లాంటి వాయువు గుండు పక్కల నుంచి ముందుకి దూరిపోతుంది. పోతూ పోతూ గుండు అంచుని కోసేసి, ఆ సీసాన్ని గొట్టం గోడకి పులిమేస్తుంది. 9 ఎంఎం తూటాలో ఒత్తిడి గరిష్ఠంగా చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు. మన ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పుడు ఉండేది సుమారు 15 పౌండ్లు. రెండు వేల రెట్లు పైమాటే.

కుక్కర్ గుర్తొచ్చింది కాబట్టి దాన్నే అడుగుదాం. గాస్కెట్ వదులైపోతే ఆవిరి పక్కల నుంచి బుస్సుమంటుంది, విజిల్ రాదు. అప్పుడు అమ్మ ఏం చేస్తుంది? గాస్కెట్ మారుస్తుంది. మూత అంచుని ఇసుక కాగితంతో నున్నగా రుద్దదు.

ఇప్పుడు కొన్ని లెక్కలు. మన మెట్రాలజీ పుస్తకాల ప్రకారం రీమింగ్ చేసిన ఉపరితలం గరుకుతనం, అంటే ఆర్ఏ విలువ, సుమారు 0.8 నుంచి 3.2 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ల్యాపింగ్ చేస్తే 0.4 కంటే కిందికి తేవచ్చు. అంటే ఎంత కష్టపడి రుద్దినా మనం సాధించేది ఒకటి రెండు మైక్రాన్ల తేడా. ఇటు గుండు వ్యాసం అంగుళంలో వెయ్యో వంతు తక్కువైందనుకోండి. అది 25.4 మైక్రాన్లు. రెండు వేల వంతులు తక్కువైతే 50 దాటుతుంది. వాయువుకి తెరుచుకున్న సందు పాతిక, యాభై మైక్రాన్లది. మనవాడు చేతికి బొబ్బలొచ్చేలా రుద్దుతున్నది ఒక మైక్రాన్ కోసం. ఆర్ఏ అనేది సగటు, ఒక్కో శిఖరం దానికంటే చాలా ఎత్తుండొచ్చు, నిజమే. అయినా ఆ రెండు అంకెలు ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుంటే ముందు దేన్ని చూడాలో తెలిసిపోతుంది.

అందుకే అనుభవమున్న పోతగాళ్లు ముందు బ్యారెల్ కొలుస్తారు. పద్ధతి చాలా సింపుల్. గొట్టం కంటే కాస్త లావైన మెత్తని సీసపు ముక్కని నూనె రాసి, ఖాళీ బ్యారెల్‌లో ఒక చివర నుంచి ఇంకో చివరకి కడ్డీతో మెల్లగా తోస్తారు. గాడుల అచ్చు దాని మీద పడుతుంది. దాన్ని మైక్రోమీటర్‌తో కొలిస్తే గాడుల వ్యాసం తెలుస్తుంది. గుండుని దానికంటే వెయ్యో వంతు అంగుళం లావుగా ఉంచుకుంటారు. 9 ఎంఎం గుండు 0.355 అని పుస్తకంలో ఉందని కళ్లు మూసుకుని అదే సైజు పోతపోసుకున్నవాడికి, తన బ్యారెల్ నిజంగా 0.357 అని తెలిసేది అప్పుడే.

ఈ కొలతలోనే ఒక తమాషా ఉంది. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లలో సంప్రదాయంగా గాడులు ఐదు. బేసి సంఖ్య. అంటే గాడికి ఎదురుగా గాడి ఉండదు, మిట్ట ఉంటుంది. మామూలు మైక్రోమీటర్ పెడితే ఒకవైపు ఎత్తు, ఇంకోవైపు పల్లం తగిలి తప్పు కొలత వస్తుంది. దానికి వి ఆకారపు ఆన్విల్ ఉన్న మైక్రోమీటర్ కావాలి, ఐదు గాడులకైతే 108 డిగ్రీల వి. మెట్రాలజీ ల్యాబ్‌లో వి-ఆన్విల్ గురించి రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకున్నాం కదా, ఎందుకో నాకప్పుడు తెలియలేదు. వైవాలో అడిగితే "మూడు ఫ్లూట్ల ట్యాప్ కొలవడానికి సార్" అని బట్టీపట్టినది చెప్పాను. ఆ జవాబు సరైనదే. అర్థమై చెప్పలేదు, అంతే.

రివాల్వర్‌లో ఇంకో మెలిక కూడా ఉంది. తూటా ఉండే సిలిండర్ గదికి ముందు భాగంలో చిన్న గొంతు ఉంటుంది. ఆ గొంతు గొట్టం కంటే ఇరుకైతే, మీరు ఎంత లావు గుండు పోసినా అది గొంతులోనే నలిగి సన్నమైపోయి గొట్టంలోకి వస్తుంది. బ్యారెల్‌ని జీవితాంతం రుద్దినా ఉపయోగం లేదు. జబ్బు ఉన్నది పక్క గదిలో.

సీసం ఎక్కడ అంటుకుందో చూసినా చాలా తెలుస్తుంది. మొదట్లోనే, గుండు గాడుల్లోకి దూకే చోట పేరుకుంటే ముందు సైజునీ సందునీ అనుమానించాలి. కొస దగ్గర పేరుకుంటే గుండుకి రాసిన మైనం దారిలోనే అయిపోయి ఉండొచ్చు. ఈ మైనం పాత వంటకం, తేనెమైనం సగం, ఆలాక్స్ అనే గ్రీజు లాంటి పదార్థం సగం. ఈమధ్య చాలామంది పౌడర్ కోటింగ్ వేసి ఓవెన్‌లో కాలుస్తున్నారు, మన గేట్లకీ గ్రిల్స్‌కీ వేసే లాంటిదే. ఇంత సమాచారం ఆ మురికిలోనే ఉంటే, దాన్ని చూడకుండా తుడిచేసి "గొట్టం బాలేదు" అనడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

నున్నగా ఉంటే చాలు అనేవాళ్లకి గ్లాక్ పిస్టల్ ఒక్కటి చాలు. ఐదో తరం ముందు దాకా వచ్చిన గ్లాక్‌లలో సుత్తులతో బాది చేసిన బహుభుజి బ్యారెల్ ఉంటుంది. పదునైన గాడులుండవు, లోపల అద్దంలా ఉంటుంది. నున్నదనమే మందైతే సీసపు గుండ్లకి అంతకంటే మంచి గొట్టం ఉండకూడదు. కానీ కంపెనీ వట్టి సీసం కాల్చొద్దనే చెప్తుంది. అందులోనూ సరైన సైజు గుండుతో హాయిగా కాలుస్తున్నామనేవాళ్లు ఉన్నారు, అది వేరే వాదన. నేను చెప్పేదల్లా, నున్నదనం ఒక్కటే అన్నిటికీ జవాబు కాదని.

గట్టి సీసం వాడితే సరి అనే ఇంకో నమ్మకం ఉంది. ఇదీ సగం నిజమే. తక్కువ ఒత్తిడి తూటాలో మరీ గట్టి గుండు పెడితే, అది వెనక ఒత్తిడికి కాస్త ఉబ్బి సందు మూసుకోవాల్సింది పోయి మొండిగా అలాగే ఉండిపోతుంది. పాయింట్ 38 స్పెషల్ లాంటి నెమ్మది తూటాల్లో మెత్తటి గుండే మేలనేది అందుకే.

అయితే నిజంగా గరుకు గొట్టాలు లేవా? ఉన్నాయి. ఎదుటివాళ్ల వాదనకి అన్యాయం చెయ్యను. కొత్త పనిముట్టు మీద సన్నటి బర్రులు ఉండొచ్చు. అలాంటివి మొదటి కొన్ని వందల రౌండ్లలో వాటంతటవే అణిగిపోతాయి. దానికి ప్రత్యేకంగా పూజా విధానం అక్కర్లేదు, కాల్చడం, శుభ్రం చేసుకోవడం, అంతే. రివాల్వర్‌లో బ్యారెల్‌ని ఫ్రేమ్‌లోకి మర బిగించే చోట గొట్టం కొంచెం నొక్కుకుపోయి ఇరుకవుతుంది. గుండు అక్కడ నలిగి సన్నమై, ఆ తర్వాతి దారంతా వదులుగా వెళ్తుంది. మెత్తని గుండుకి గరుకుపొడి దట్టించి చాలా తక్కువ మందుతో కాల్చే ఫైర్ ల్యాపింగ్ ఇలాంటి చోట పనిచేస్తుందని చెప్పేవాళ్ల మాటలో బలముంది. మొదట్లో ఎక్కువ, చివర్లో తక్కువ అరుగుతుంది కాబట్టి గొట్టం కొస వైపు కాస్త బిగువుగా మిగులుతుంది, అది మంచిదే. పేరున్న బ్యారెల్ తయారీదార్లు కూడా సీసపు ముద్దని లోపలే పోతపోసి, దానికి పేస్టు రాసి చేత్తో ముందుకీ వెనక్కీ లాగి ల్యాపింగ్ చేస్తారు. అది కళ. లాగుతుంటే ఎక్కడ బిగువుందో ఎక్కడ వదులుందో చేతికి తెలియాలి.

కానీ అరిగిన లోహం తిరిగి రాదు. గుండు సైజు తప్పైతే ఇంకో సైజు అచ్చు కొనొచ్చు. మైనం మార్చొచ్చు. పోతలో పాళ్లు మార్చొచ్చు. ఇవన్నీ వెనక్కి తిప్పుకోగలిగిన పనులు. గొట్టంలో గరుకుపొడి నడిపించడం ఒక్కటే తిప్పుకోలేనిది. వింతేంటంటే జనం ముందు పట్టుకునేది దాన్నే! రైఫిల్ బ్యారెల్ తయారీలో పేరున్న గేల్ మెక్‌మిలన్, ఈ బ్రేక్-ఇన్ తంతులన్నీ బ్యారెల్ ఆయుష్షు తగ్గించడానికే తప్ప ఎందుకూ పనికిరావని గట్టిగా వాదించేవాడు. బ్యారెళ్లు అమ్ముకునే మనిషే ఆ మాట అన్నాడంటే కాస్త వినాలి.

మీలో బైకులున్నవాళ్లు అడగబోయేది నాకు తెలుసు. "మరి కొత్త బండికి మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా పొమ్మంటారుగా?" నిజమే. కానీ ఇంజిన్ సిలిండర్ గోడ మీద ఆ గీతలు కావాలని గీసినవి. హోనింగ్‌లో అడ్డదిడ్డంగా గళ్లు గళ్లుగా గీస్తారు, ఆయిల్ నిలవాలని. పిస్టన్ రింగులు ఆ గీతల కొసల్ని అరగదీసి వాటికి సరిపడా కూర్చుంటాయి. అదంతా డిజైన్‌లో భాగం, డ్రాయింగ్‌లో రాసి ఉంటుంది. మొదటి ఆయిల్ త్వరగా మార్చమనేది కూడా ఆ పొడి బయటికి పోవాలనే. గరుకు రీమర్ గీతలు ఏ డ్రాయింగ్‌లోనూ ఉండవు. అవి టైమ్ చాలకో, రీమర్ మొద్దుబారో మిగిలిపోయిన పని. మిగిలిపోయిన పనికి బ్రేక్-ఇన్ అని పేరుపెట్టి డబ్బులిచ్చి కొన్నవాడి చేత చేయించడం నాకు మింగుడుపడదు. నిజంగా గరుకైతే, కొలిచి, ఫోటో తీసి, తయారుచేసినవాళ్లకే వెనక్కి పంపాలి.

మనవైపు ఉదాహరణ కావాలంటే షూటింగ్ క్రీడ ఉంది. 25 మీటర్ల పిస్టల్ పోటీల్లో వాడేది పాయింట్ 22 తూటా, దాని గుండు సీసమే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆ విభాగంలో వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం తెచ్చింది. ఆ స్థాయి పోటీల్లో, ముఖ్యంగా రైఫిల్ వాళ్లు, ఏం చేస్తారంటే బ్యారెల్‌ని బిగించి వేర్వేరు లాట్ల తూటాలు కాల్చి చూసి, తమ బ్యారెల్‌కి ఏ లాట్ దగ్గర దగ్గరగా పడుతోందో ఆ లాట్ కొనుక్కుంటారు. ఒకే కంపెనీ, ఒకే పెట్టె రంగు, లాట్ నంబర్ ఒక్కటే తేడా. గొట్టాన్ని తూటాకి తగ్గట్టు అరగదియ్యరు. తూటానే గొట్టానికి తగ్గట్టు వెతుక్కుంటారు.

నా అనుభవం అంత గొప్పది కాదు. ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్‌తో కాల్చిన కాసిని రౌండ్లే. తూటా పట్టుకుంటే వేళ్లకి మైనం జిడ్డు అంటేది. ఫైరింగ్ అయ్యాక పుల్‌త్రూ తాడుకి చిందీ కట్టి బ్యారెల్‌లోంచి లాగడం జూనియర్ల డ్యూటీ. మొదటి చిందీ నల్లగా, రెండోది బూడిదగా, మూడోది పర్లేదన్నట్టు వచ్చేది. మా హవల్దార్ గారు బ్యారెల్‌ని ఆకాశం వైపు పెట్టి చూసి "ఔర్ ఏక్" అనేవారు. చేతులు సబ్బుతో కడుక్కోకుండా సమోసా ముట్టుకోనిచ్చేవారు కాదు. అప్పట్లో చాదస్తం అనుకున్నాను. సీసం ఒంట్లోకి వెళ్తే అంత త్వరగా బయటికి రాదని తర్వాత చదివాను. అలాగే కెమికల్ వాళ్లకొక మాట: వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి బ్యారెల్‌లో సీసం కరిగించే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. దాన్నుంచి వచ్చేది లెడ్ ఎసిటేట్, నీళ్లలో కరిగే విషం. రాగి పీచు చుట్టిన బ్రష్ ఉండగా ఆ దరిద్రం ఎందుకు?

సరే, ఒళ్లు ఎందుకు మండుతుందో చెప్తానన్నాను కదా.

థర్డ్ ఇయర్‌లో మా నలుగురి మినీ ప్రాజెక్ట్, ఒక చిన్న న్యూమాటిక్ సిలిండర్. మైల్డ్ స్టీల్ గొట్టాన్ని లేత్ మీద 40 మిల్లీమీటర్లకి బోరింగ్ చేశాం. పిస్టన్ తిప్పాం, గాడి తీశాం, 3 మిల్లీమీటర్ల మందం ఓ-రింగ్ వేశాం. గాలి పెట్టగానే పక్కల నుంచి బుస్. రివ్యూకి నాలుగు రోజులుంది. టార్చ్ వేసి లోపల చూస్తే బోరింగ్ టూల్ గీతలు కనిపించాయి. "సర్ఫేస్ ఫినిష్ మామా, అదే ప్రాబ్లమ్" అన్నాను నేను. నేనే అన్నాను, ఇంకెవరో కాదు.

మా టీమ్‌లో ఒకడు ఈసెట్ రాసి సెకండియర్‌లో చేరినవాడు. డిప్లొమాలో మూడేళ్లు, సెలవుల్లో వాళ్ల మామయ్య లేత్ షాపులో ఇంకొన్నాళ్లు పనిచేసినవాడు. వాడు అన్నాడు, "ముందు గాడి లోతు కొలుద్దాం రా." మేం పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే, సీజీపీఏ తక్కువున్న డిప్లొమా వాడి మాట అని పట్టించుకోలేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, కానీ నాకు తెలుసు. కర్ర ముక్కకి ఎమెరీ పేపర్ చుట్టి డ్రిల్ మెషీన్‌కి బిగించి రెండు సాయంత్రాలు రుద్దాం. ముందు 120, తర్వాత 400, ఆ తర్వాత 600. లోపల తళతళా మెరిసింది. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టుకున్నాం.

గాలి పెట్టాం. ముందుకంటే ఎక్కువ బుస్సుమంది.

అప్పుడు వర్క్‌షాప్ మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఏమీ అనకుండా బోర్ గేజ్ పెట్టారు. మధ్యలో 40.07, మూతి దగ్గర 40.16. మేం రుద్దకముందు అంతటా 40.04 అని మా నోట్‌బుక్‌లోనే ఉంది. తర్వాత పిస్టన్ గాడి కొలిచారు. లోతు 3.1. క్రాస్ స్లైడ్ డయల్ లెక్క తప్పి పదో వంతు మిల్లీమీటర్‌కి పైగా లోతు తీసేశాం. 3 మిల్లీమీటర్ల రింగు 3.1 గాడిలో మునిగిపోతే అది గోడని ఎక్కడ తాకుతుంది? "గొట్టం బానే తిప్పారు బాబూ, మీరే పాడుచేశారు" అన్నారాయన. గాడి ఒక్కటే తప్పైనప్పుడు ఇంకో పిస్టన్ తిప్పుకుంటే అరపూట పని. ఇప్పుడు మూతి వెడల్పైన గొట్టం కూడా మా నెత్తిన పడింది.

రివ్యూలో బయటపడ్డాం. గాలి ఒత్తిడి తక్కువ పెట్టి, గ్రీజు బాగా పట్టించి రెండుసార్లు ఆడించి చూపించాం. రిపోర్ట్‌లో "ఉపరితల నాణ్యత గణనీయంగా మెరుగుపరచబడింది" అని రాసి, ముందూ తర్వాతా ఆర్ఏ విలువలు టేబుల్ వేశాం. ఆ టేబుల్‌లో ఒక్క అబద్ధం లేదు. వ్యాసం కాలమ్ మాత్రం లేదు. ఆ టేబుల్ వేసింది కూడా నేనే. మార్కులు బాగానే వచ్చాయి. నలుగురికీ సమానంగా.

ఏదో అమెరికా ఆయన తన కొత్త పిస్టల్‌కి ఏ నంబర్ గరుకుపొడి మంచిది అని అడుగుతుంటే, కొలిచావా అని అడిగేవాడు పక్కనే ఉండి, వాడి మాట ఎవరూ వినకపోతే, ఆ సీన్ నాకు బాగా తెలిసిందే అనిపించింది. ఇంత రాయడానికి కారణం అది.

పోయిన వారం డిపార్ట్‌మెంట్ లైబ్రరీలో మా రిపోర్ట్ కాపీ తీసి, ఆ టేబుల్ పక్కన పెన్నుతో మూడు అంకెలు రాశాను: 40.04, 40.07, 40.16. మా డిప్లొమా ఫ్రెండ్‌కి ఫోటో పంపాను. ఇప్పుడు వాడు క్యాంపస్‌లో లేడు, ఇంటర్న్‌షిప్‌లో ఉన్నాడు. కాసేపటికి రిప్లై వచ్చింది.

"గాడి లోతు కూడా రాయి."

మర్నాడు మళ్లీ వెళ్లి రాసొచ్చాను.